వేడిని మోసే పెట్టె

ఫ్రిజ్ కొనడానికి షాపుకి వెళ్తే అమ్మే కుర్రాడు మొదట అడిగేది ‘ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?’ అని. ముగ్గురంటే ఒక వరస చూపిస్తాడు, ఐదుగురంటే ఇంకో వరసకి తీసుకెళ్తాడు. ఫ్రిజ్ విషయంలో ఈ తలల లెక్క సగం లెక్కే. రెండు పూటలా వేడిగా వండుకు తినేసి, పాలూ పెరుగూ నాలుగు కూరగాయలూ తప్ప ఏమీ దాచని ఆరుగురి ఇల్లు ఉంటుంది. ఆదివారం నాడు వారానికి సరిపడా దోసెల పిండి రుబ్బి, మూడు రకాల కూరలు వండి పెట్టుకుని, సోమవారం నుంచి ఆఫీసులకు పరిగెత్తే ఇద్దరి ఇల్లూ ఉంటుంది. పెద్ద ఫ్రిజ్ కావలసింది ఈ ఇద్దరికి. ఈ అధ్యాయమంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ఫ్రిజ్ చలిని పుట్టించే యంత్రం కాదు, లోపలి వేడిని ఎత్తి బయట పడేసే కూలీ. ఆ కూలీ నెత్తిన ఎంత బరువు పెడుతున్నాం, దించుకోవడానికి చోటు ఇచ్చామా లేదా అని చూసుకుంటే చాలు. ఎంత ఫ్రిజ్ కొనాలో, ఎక్కడ నిలబెట్టాలో, చెడిపోయిందని మెకానిక్ అన్నప్పుడు ఎంతవరకు నమ్మాలో అక్కడినుంచే తెలుస్తుంది.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. వేసవిలో మట్టికుండ చేసేది ఇదే పని. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తనతో పట్టుకుపోతుంది. అందుకే గాలి పొడిగా ఉండే అనంతపురంలో కుండనీళ్ళు జిల్లుమంటాయి, గాలిలో తేమ నిండిన కాకినాడలో అంతగా చల్లబడవు. ఫ్రిజ్‌లో నీటికి బదులు ఇంకో ద్రవం ఉంటుంది, వాడుకలో గ్యాస్ అనేది దీన్నే. ఫ్రీజర్ చుట్టూ ఉన్న గొట్టంలో అది ఆవిరై లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి బయటి గొట్టంలోకి తోస్తుంది. అక్కడ వేడిని వదిలేసి, మళ్ళీ ద్రవమై, సన్నటి గొట్టం గుండా లోపలికి వస్తుంది. జేకబ్ పెర్కిన్స్ 1834లో లండన్‌లో పేటెంటు పుచ్చుకున్న పద్ధతి ఇది. మన దేశంలో గోద్రెజ్ కంపెనీ 1958లో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టినప్పుడూ ఇదే, ఇవాళ తలుపు మీద బొమ్మలు కనబడే ఖరీదైన ఫ్రిజ్‌లోనూ ఇదే. కుండకీ దీనికీ ఉన్న తేడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కుండలో నీరు గాలిలో కలిసిపోతుంది కనుక రోజూ నింపాలి. ఫ్రిజ్ గొట్టాలు మూతబడిన వలయం, అందులోది ఎక్కడికీ పోదు. ఈ మాటతో ముందుముందు పనుంది.

ఇంతకీ లోపలికి వేడి ఎక్కడినుంచి వస్తుంది? తలుపు తెరిచినప్పుడల్లా వస్తుందని అందరూ అంటారు, పిల్లల్ని అందుకే తిడతారు. వస్తుంది, కాదనను. కానీ పెద్ద వాటా నిశ్శబ్దంగా, రాత్రీ పగలూ, గోడల గుండా వచ్చేదే. వంటింట్లో 40 డిగ్రీలు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు ఉంటే తేడా 36. డిసెంబరు రాత్రి వంటిల్లు 22కి దిగితే తేడా 18. గోడల గుండా చొరబడే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి మే నెలలో కూలీకి బరువు రెట్టింపు అవుతుంది. అది చాలదన్నట్టు, మోసుకొచ్చిన వేడిని దించాల్సింది కూడా అదే 40 డిగ్రీల గాలిలోకి. ఎండాకాలంలో కంప్రెసర్ ఆగకుండా నడుస్తోందని కంగారుపడి మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. లోపల పాలు చల్లగానే ఉన్నాయంటే అది జబ్బు కాదు, కష్టం.

ఇంకో దారి మనం పెట్టే వేడి పదార్థాలు. ఇక్కడ మనం వినే సలహాల్లో సగం నిజమే ఉంది. రెండు లీటర్ల సాంబారు 80 డిగ్రీల వేడి మీద లోపల పెట్టామనుకుందాం. అది 5 డిగ్రీలకు దిగాలంటే దాదాపు 630 కిలోజౌళ్ళ వేడి బయటికి పోవాలి. యూనిట్లలో చెప్పాలంటే 0.17. ఫ్రిజ్ ఒక పాలు కరెంటుతో అంతకంటే ఎక్కువ వేడినే మోస్తుంది గనుక ఖర్చయ్యే కరెంటు ఇంకా తక్కువ, రూపాయి కూడా కాదు. మరి వేడి గిన్నె పెట్టొద్దని ఎందుకంటారు? నష్టం బిల్లులో లేదు, పక్క గిన్నెల్లో ఉంది. ఆ సాంబారు చల్లారేదాకా దాన్ని ఆనుకుని ఉన్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి, ఆవిరి వెళ్ళి ఫ్రీజర్ మీద మంచై పేరుకుంటుంది. అదే సాంబారు బయట 35 డిగ్రీలకు దిగాక పెడితే మోయాల్సిన బరువులో అరవై శాతం గాలే ఉచితంగా మోసేసినట్టు. అలాగని రాత్రంతా గట్టు మీద వదిలేసి పొద్దున్నే పెట్టడం ఇంకా పెద్ద తప్పు. సూక్ష్మజీవులు జోరుగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. వండిన అన్నానికీ ఇది వర్తిస్తుంది, మరగబెట్టినా చావని బీజాలు అన్నంలో మిగిలి గది వేడిలో మొలుస్తాయి. వెడల్పాటి పళ్ళెంలోకి వంచి, ఆ పళ్ళేన్ని నీళ్ళు పోసిన బేసిన్‌లో పెట్టి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేర్చడం సరైన దారి. చద్దన్నం తిన్న తరాలకేమైందని అడగవచ్చు. చద్దన్నాన్ని నీళ్ళలోనో మజ్జిగలోనో నానబెట్టి పులియబెట్టేవాళ్ళు, ఆ పులుపే చెడు జీవుల్ని అడ్డుకునేది. గిన్నెలో ఊరికే మిగిలిపోయిన పొడి అన్నం ఆ కోవలోకి రాదు.

మోసిన బరువు దించుకునే చోటు సంగతి. పాత ఫ్రిజ్‌ల వెనక నల్లటి జాలీలా కనబడేదే వేడిని వదిలే గొట్టం. ఇప్పుడొచ్చే చాలా మోడళ్ళలో అది పక్క గోడల రేకు వెనక దాక్కుంది. అందుకే కొత్త ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, కొన్న వారానికే ఫిర్యాదు చేసేవాళ్ళుంటారు. ఆ వెచ్చదనం లేకపోతేనే భయపడాలి. ఈ సంగతి తెలియక మనం ఏం చేస్తాం? కప్‌బోర్డుల మధ్య సరిగ్గా ఇరుక్కునేలా గూడు కట్టించి అందులోకి తోస్తాం. జేబులున్న పూలపూల కవరు నెత్తిన కప్పి రెండు పక్కలా వేలాడదీస్తాం. దాని మీద పాత వార్తాపత్రికలు, మందుల డబ్బా, దండ వేసిన పటం. కూలీ తట్ట దించబోయిన ప్రతిచోటా ఎవరో కూర్చుని ఉన్నట్టు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఎంత ఖాళీ వదలమన్నారో అంత వదలాలి. పుస్తకం పోయినట్టయితే వెనకా పక్కలా బెత్తెడు, పైన జానెడు. పొయ్యి పక్కన, పడమటి ఎండ తగిలే గోడకి ఆనించి మాత్రం వద్దు. హాల్లో పెడితే బాగుండదు అనేవాళ్ళకి నా జవాబు ఒకటే: వంటింటికంటే హాలు ఐదు డిగ్రీలు చల్లగా ఉంటే ఆ ఐదు డిగ్రీలు ఏడాది పొడవునా కలిసొస్తాయి.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నది ఏ జాతి ఫ్రిజ్జో గుర్తుపట్టడం. తలుపుల సంఖ్య కంటే చలి ఎలా పాకుతుందన్నది ముఖ్యం. పైన చిన్న ఫ్రీజర్ గూడు, దాని గోడల మీద మంచు పేరుకోవడం, మధ్యలో నొక్కే బొత్తాం ఉంటే అది డైరెక్ట్ కూల్. చల్లటి గాలి బరువుగా ఉంటుంది కాబట్టి తనంతట తానే కిందికి జారుతుంది, ఏ ఫ్యానూ ఉండదు. ఫ్రీజర్ వెనక గోడలో చిల్లులు, చెవి పెడితే సన్నటి ఫ్యాను చప్పుడు, మంచు జాడ లేకపోవడం ఫ్రాస్ట్ ఫ్రీ గుర్తులు. అందులో చల్లటి గొట్టాలు ఫ్రీజర్ పలక వెనక ఉంటాయి, వాటి మీది మంచును లోపలి హీటరే కాసేపు వెలిగి కరిగిస్తుంది. మిగతా వివరాలన్నీ ఫ్రిజ్ లోపలో వెనకో అంటించిన చిన్న పట్టీ మీద ఉంటాయి. మోడల్ నంబరు, లీటర్లు, గ్యాస్ పేరు, దాని బరువు గ్రాముల్లో, వాటితోబాటు ఎవరూ చూడని ఒక అక్షరం. ఆ అక్షరం ఎంతటి ఎండకు ఆ ఫ్రిజ్‌ని తయారుచేశారో చెబుతుంది. ‘ఎన్’ అంటే బయట 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టి’ అంటే 38, ‘టి’ అంటే 43. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళు ‘టి’ తప్ప ఇంకోటి కొనకూడదు. ఆ ఊళ్ళలో ఎండ 43ని కూడా దాటుతుందని వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పట్టీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి, రబ్బరు మార్చాలన్నా, అర విరిగినా, దుకాణంవాడు మొదట అడిగేది అదే.

నక్షత్రాల పట్టీ చూసి కొంటే చాలదా అంటారు. ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వేయించే ఆ పట్టీ మంచిదే, కాని మనం దాన్ని చదవాల్సిన చోట చదవం. నక్షత్రాలు ఒక ఫ్రిజ్‌ని అదే రకం, దాదాపు అదే పరిమాణం ఉన్నవాటితో పోల్చి ఇచ్చే మార్కులు. ఐదు నక్షత్రాల పెద్ద ఫ్రిజ్ మూడు నక్షత్రాల చిన్నదానికంటే ఎక్కువ కరెంటు తాగవచ్చు. పైగా కొలమానాన్ని కొన్నేళ్ళకోసారి బిగిస్తారు, పాత పట్టీ మీది ఐదు కొత్త లెక్కలో ఐదు కాకపోవచ్చు. అందుకే పట్టీ మీది కాలవ్యవధిని, ఏడాదికి ఎన్ని యూనిట్లన్న అంకెను చూడాలి. ఉదాహరణకి ఒకదాని మీద 190, ఇంకోదాని మీద 240 రాసి ఉందనుకోండి. తేడా 50 యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయల చొప్పున ఏడాదికి 350 రూపాయలు. మొదటిది మూడు వేలు ఎక్కువైతే ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. కొనొద్దని కాదు, లెక్క వేసుకుని కొనమని. మీ వాడకం స్లాబు అంచున ఉంటే నెలకి వచ్చే నాలుగు యూనిట్ల తేడాయే పై స్లాబులోకి నెట్టవచ్చు, అప్పుడు లెక్క మారిపోతుంది.

ఎన్ని లీటర్లు కొనాలి? తలుపు మీద రాసిన లీటర్లు నీళ్ళు పోస్తే పట్టేవి. మన గిన్నెలు గుండ్రంగా ఉంటాయి. 22 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్న దోసెల పిండి గిన్నెనే తీసుకోండి. అందులో పిండి మూడు లీటర్లే ఉంటుంది, పొంగడానికి చోటు వదలాలి కదా. కానీ అర మీద అది ఆక్రమించే చదరం 22 ఇంటు 22 ఇంటు 15, అంటే ఏడు లీటర్ల పైమాటే. పెరుగు గిన్నె, పప్పు గిన్నె, పులుసు గిన్నె అన్నిటిదీ ఇదే కథ. దీనికి తోడు ఫ్రీజర్, తలుపు అరలు కూడా ఆ అంకెలో కలిసే ఉంటాయి. మాంసం, చేపలు నిలవ చేయని ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఫ్రీజర్ అంటే ఐస్ ట్రేలకు కట్టిన బంగళా. కాబట్టి షాపుకి వెళ్ళేముందు, కూరగాయలు తెచ్చిన రోజు సాయంత్రం, ఫ్రిజ్ అతి నిండుగా ఉన్నప్పుడు తలుపు తీసి చూడండి. అందులోంచి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అరటిపళ్ళు తీసెయ్యండి. బంగాళాదుంప చలికి తియ్యబడి వేపుడులో నల్లబడుతుంది, అరటిపండు తొక్క ముందే నల్లబడుతుంది. నూనె తేలిన ఆవకాయ, తేనె, వాడని మసాలా పొట్లాలు, పెళ్ళి భోజనం నుంచి తెచ్చి మరిచిన స్వీటు డబ్బా కూడా తీసెయ్యండి. గిన్నెకీ గిన్నెకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు వస్తే ఇప్పుడున్న పరిమాణమే చాలు. చదరపు డబ్బాలకు మారితే ఇంకా చోటు మిగులుతుంది. అన్నీ తీసేశాక కూడా గిన్నె మీద గిన్నె ఎక్కుతుంటే అప్పుడు పెద్దది వెతకాలి.

పెద్దదే తీసుకుంటే పోలా, పండక్కి చుట్టాలొస్తారు కదా అన్నది బలమైన అభ్యంతరమే. దీనికి సగం న్యాయం కూడా ఉంది. సామర్థ్యం రెట్టింపైతే గోడల విస్తీర్ణం రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లకు కాస్త పైన మాత్రమే పెరుగుతుంది. లీటరుకి ఇంత అని లెక్కేస్తే పెద్ద ఫ్రిజ్ పొదుపరే. అయితే ఆ లీటర్లను వాడినప్పుడే. సంక్రాంతి నాలుగు రోజులు, గోడల గుండా వేడి చొరబడేది 365 రోజులు. లోతైన అరల్లో వెనక్కి జరిగిన కొత్తిమీర కట్ట కుళ్ళి నీరయ్యాక గానీ కనబడకపోవడం ఇంకో నష్టం. చిన్నదాన్ని కుక్కి నింపడం కూడా తప్పే. గాలి తిరగకపోతే కింది అరకు చలి చేరదు. డైరెక్ట్ కూల్‌లో ఇది మరీ ముఖ్యం, అక్కడ గాలిని తోసే ఫ్యాను లేదు. జాలీ అరల మీద అందం కోసం పరిచే ప్లాస్టిక్ షీట్లు కిందికి జారే గాలికి అడ్డుకట్టలు.

నిర్వహణలో మొదటి మెట్టు మీ ఫ్రిజ్ నిజంగా ఎంత చల్లగా ఉందో కొలవడం. తిప్పే బిళ్ళ మీది అంకెలు డిగ్రీలు కావు. మామూలుగా 7 అంటే 1 కంటే చల్లన. వాటిని తారుమారుగా అర్థం చేసుకుని ఎండాకాలంలో 1కి తిప్పేవాళ్ళున్నారు. గ్లాసుడు నీళ్ళలో ఫ్రిజ్ థర్మామీటరు ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున్న తలుపు తీయగానే చూడండి (జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, దాని అంకెలు అంత కిందికి దిగవు). 3 నుంచి 5 మధ్య ఉంటే సరి. ఎక్కువుంటే తలుపు రబ్బరు చూడాలి. పది రూపాయల నోటు తలుపుకి అడ్డంగా పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే బాగుంది, జారి వస్తే అక్కడ సందుంది. మడతల్లో చేరిన జిడ్డు గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిస్తే చాలాసార్లు రబ్బరు మార్చే పనే ఉండదు. డైరెక్ట్ కూల్‌లో మంచు పెన్సిలు మందం కాకముందే బొత్తాం నొక్కాలి. మంచు చలి కాదు, చలికి కప్పిన కంబళి, దాని గుండా వేడి గొట్టంలోకి దూరలేదు. తొందరపడి చాకుతో గీకితే పలచటి అల్యూమినియం చిల్లుపడి, రెండు నిమిషాల పని రెండు మూడు వేల పని అవుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీలో కూరల డబ్బా కింద నీళ్ళు నిలిస్తే, కరిగిన మంచు నీరు బయటికి పోయే దారి మూసుకుపోయిందేమో చూడాలి. ఆ నీరు చేరే ట్రే వెనక, కంప్రెసర్ మీద ఉంటుంది. వానాకాలంలో అందులో నీరు నిలిస్తే డెంగీ దోమకి అంతకన్నా మంచి చెరువు దొరకదు, వారానికోసారి ఒంపి తుడవాల్సిందే.

కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ టక్కుమని మొరాయించడం కూడా జబ్బు కాదు. గొట్టాల్లో రెండు వైపులా ఒత్తిడి సమానం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది, ఆలోపు తోయమంటే అది తోయలేదు. పోయి వస్తూ ఉండే ఊళ్ళలో ఆలస్యంగా కలిపే స్టెబిలైజర్ ఉంటే మంచిది. స్టెబిలైజర్ అక్కర్లేదని రాసిన ఫ్రిజ్‌ల మీద కూడా ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది ఉంటుంది, మీ వీధి వోల్టేజీ ఆ గీత దాటుతుందేమో చూసుకోవాలి.

ఇక మెకానిక్ నోట తరచూ వినే మాట, ‘గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి.’ వలయం మూతబడి ఉందని ముందే చెప్పుకున్నాం. గ్యాస్ అయిపోదు, కారిపోతుంది. కారిన చోటు పట్టకుండా నింపితే కొన్నాళ్ళకి అదే మాట మళ్ళీ వింటారు. కాబట్టి మీ ప్రశ్న ఇలా ఉండాలి: ‘లీకు ఎక్కడుంది? చూపించండి.’ ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్రీజర్ గట్టిగా గడ్డకడుతూ కింది భాగం మాత్రం చల్లబడకపోతే అది గ్యాస్ లోపమని వెంటనే ఒప్పుకోవద్దు. ఎక్కువసార్లు ఫ్యాను ఆగి ఉంటుంది, లేదా హీటరు పనిచేయక గాలిదారిలో మంచు నిండి ఉంటుంది. సామాన్లు పక్కింట్లో సర్ది, తలుపు తీసి ఒక రోజు ఆపి ఉంచితే మంచు కరిగి దారి తెరుచుకుంటుంది. మళ్ళీ వేస్తే కొన్ని రోజులు బాగా నడిచి తిరిగి అదే వరస పట్టిందంటే హీటరునో దాని సెన్సరునో చూడాలని తేలినట్టే. గ్యాస్ నిజంగానే నింపాల్సి వస్తే పట్టీ మీది పేరు చూపించండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, గుప్పెడు వేరుశనగపప్పుల బరువంత. అది ఐసోబ్యూటేన్, మంటకు అంటుకుంటుంది. దాని బదులు దొరికిన ఆర్-134ఏ నింపేస్తానంటే ఒప్పుకోకూడదు, ఆ కంప్రెసర్ దానికి కొలిచి చేసింది కాదు. గొట్టం అతికే మంట వెలిగించే ముందు కిటికీలు తెరిపించండి.

పాత ఫ్రిజ్‌లు ఇరవై ఏళ్ళు నడిచేవి, ఇప్పటివి నాసిరకం అనేవాళ్ళకి ఒక మాట. ఇరవై ఏళ్ళు నడిచినవే మనకు కనబడుతున్నాయి, పన్నెండో ఏట తుక్కుకి పోయినవి సాక్ష్యం చెప్పడానికి రావు. నిజమే, వాటిలో చెడిపోవడానికి భాగాలు తక్కువ. కాని తాగే కరెంటు ఎక్కువ. అందుకే కొత్తది వచ్చాక పాతదాన్ని వెనక వరండాలో మంచినీళ్ళ సీసాల కోసం నడపడమంత ఖరీదైన దాహం ఇంకోటి లేదు. ఎండ తగిలే వరండా, వదులైన రబ్బరు, లోపల నాలుగు సీసాలు. మార్పిడి కింద ఇచ్చేస్తే మేలు. అలా కాక బియ్యం పోసుకోవడానికో పుస్తకాలు సర్దుకోవడానికో అట్టే పెట్టుకుంటామంటే, ముందుగా స్క్రూలు విప్పి తలుపు పూర్తిగా ఊడదీయించండి. దాగుడుమూతలాడే పిల్లలకి ఖాళీ ఫ్రిజ్ మంచి చోటులా కనిపిస్తుంది, లోపల గాలి ఎక్కువసేపు సరిపోదు.